పాత భాగం, కొత్త భాగం, మధ్యలో బాబాయి

అక్షరం అంటే నశించనిదని బడిలో తెలుగు మాస్టారు చెప్పారు. ఎనభైల చివర, గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడమీది కంప్యూటర్ సెంటర్లో, ఆ అక్షరాలే నన్ను నశింపజేయడానికి వచ్చేవి. నల్లటి తెర, పచ్చటి ఇంగ్లీషు అక్షరాలు. ఆ ఆటలో రాక్షసులకు బొమ్మల్లేవు. ‘డి’ కనిపిస్తే డ్రాగన్, ‘ఎస్’ కనిపిస్తే పాము. నలుగురు మనుషుల్ని మనమే తయారుచేసుకుని, కత్తులూ మంత్రాలూ ఇచ్చి, నేలమాళిగలోకి దింపి, ఒక మణి కోసం చీకట్లో అడుగు తర్వాత అడుగు వేయించాలి. మలుపులో ‘ఎస్’ కనపడగానే నా వెన్నులో చలి పుట్టేది. ఏసీ వల్ల అనుకునేవాణ్ణి. ఏసీ సగం రోజులు పనిచేసేది కాదు.

నా పక్కన బాబాయి కూర్చునేవాడు. నాన్నకు ఆఖరి తమ్ముడు, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. సత్తెనపల్లి దగ్గర మా పత్తి చేలు చూసుకుంటూ, పనుల్లేని రోజుల్లో బస్సెక్కి వచ్చి నాతోపాటు క్లాసులో చేరాడు. క్లాసయ్యాక సారు మాకు ఒక గంట మిషను వదిలేసేవారు. చీరాల మనిషి, ఆదివారమైతే వాడరేవు సముద్రం ఒడ్డున ఉండేవారు. మిగతా వారమంతా ఆటలోని ఈ నేలమాళిగలోనే.

“తలుపు తియ్యరా,” అనేవాడు బాబాయి.

“లోపల ఏముందో?”

“ముందు తియ్యి. వణికేదేదో తర్వాత తీరిగ్గా వణుకుదువు.”

మా ఇంట్లో పెద్దవాళ్ళ పేరు నోటితో అనకూడదు. నాయనమ్మ అయితే తాతయ్య పేరు కలిసిన ఊరికి టికెట్టు అడగాల్సి వచ్చినప్పుడు, “ఒంగోలు దాటాక వచ్చే కొండ ఊరు నాయనా,” అని కండక్టర్ని తిప్పలు పెట్టేది. ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి కదా, ఆటలో కత్తి పట్టే మనిషికి బాబాయి పేరు పెట్టాల్సి వస్తే చెయ్యి రాలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో ‘బాబాయి’ అనే కొట్టాను. గౌరవానికి పోయి చేసిన పని. ఏ వీరసేనుడనో పెట్టి ఉంటే ఈ కథ లేదు.

మేం ఆడే ఆ పాత, మొదటి భాగానికి దయ లేదు. అందులో చచ్చిన మనిషి చచ్చినట్టే. ఆట దాచుకునే ఫ్లాపీ మీద నుంచి కూడా తుడిచేస్తుంది. నా మంత్రగాళ్ళు అలా ఎంతమంది పోయారో! మంత్రం గుర్తొచ్చేలోపు యంత్రం వాళ్ళను మింగేది. బాబాయి మాత్రం మొదటినుంచీ బతికే ఉన్నాడు.

ఒక శనివారం, బాగా లోతుకు దిగాక, ‘ఎస్’ బాబాయిని కరిచింది. పేరు పక్కన విషమెక్కిందని ఇంగ్లీషులో ఒక మాట వెలిగింది. ఆ మాట ఉన్నంతసేపూ అడుగు వేసినప్పుడల్లా కొంత ప్రాణం పోతుంది. విరుగుడు అయిపోయింది, పైకి వెళ్ళే మెట్లు చాలా దూరం. ఇంతలో సారు తాళంచెవులు గలగలలాడించారు. అక్కడికక్కడే ఆట దాచుకుని లేచాం.

“వచ్చేవారం బతికిద్దువులే నన్ను,” అని బాబాయి చెప్పులేసుకున్నాడు. “చేలో తెల్లదోమ పడింది, మందు కొట్టాలి.”

బుధవారం మధ్యాహ్నం కబురొచ్చింది. గాలి తిరిగిందట. ముఖానికి గుడ్డ కట్టుకోలేదట. సాలు చివర కూలబడితే కూలీలు మోసుకొచ్చి జీపులో పడేశారట. క్లాసులో పక్కవాడితో, “మా బాబాయి మందు కొట్టి పడిపోయాడు,” అన్నాను. వాడు నవ్వాడు. వాడి తప్పు లేదు, ఆ మాట అలాంటిది.

పెద్దాసుపత్రిలో బాబాయి ఒళ్ళంతా చెమట, నోటి పక్కన నురగ, కంటిపాపలు సూదిమొనలంత. విప్పేసిన చొక్కా మంచం కింద మూటకట్టి ఉంది. దాని వాసనకే నాకు కళ్ళు తిరిగాయి. డాక్టరు సూది వేస్తూ, “ఇవాళ గడవాలి,” అన్నారు. నాయనమ్మ కొడుకు పాదాలు పట్టుకుని కూర్చుంది.

“నువ్విక్కడ నిలబడి ఏం చేస్తావురా,” అంది. “పొయ్యి, ఏదన్నా తినిరా.”

నేను తినడానికి పోలేదు. కాళ్ళు కంప్యూటర్ సెంటరుకు తీసుకుపోయాయి. ఫ్లాపీ పెట్టి ఆట తెరిచాను. బాబాయి. పక్కన విషం మాట. శనివారం నుంచీ అక్కడే, చీకట్లో, నా వేలు కోసం చూస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. బీకాం చదివినవాణ్ణి, ఆటకూ ఆసుపత్రికీ సంబంధం లేదని తెలియనంత వెర్రివాణ్ణి కాదు. అయినా కీబోర్డు నుంచి చేతులు వెనక్కి తీసి ఒళ్ళో దాచుకున్నాను. పొరపాటున వేలు తగిలి ఒక్క అడుగు పడినా?

సారు వచ్చి వెనక నిలబడ్డారు. సంగతి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

“మద్రాసు నుంచి రెండో భాగం తెచ్చానయ్యా,” అన్నారు. “పాత మనుషుల్ని అందులోకి పంపొచ్చు. జబ్బులన్నీ పోయి ఆరోగ్యంగా దిగుతారు. అందులో ఎవరూ చావరు కూడా. పడిపోతే వైద్యుడి ఇంట్లో లేస్తారు.”

“అయితే పంపేద్దాం సార్.”

“ఇబ్బంది ఒకటుంది. మనిషిని పాత ఫ్లాపీ మీద తుడిచేసి, అప్పుడు కొత్తదాని మీద రాస్తుంది. నకలు తీద్దామంటే ఈ ఫ్లాపీ నకలుకు లొంగదు. మధ్యలో కరెంటు పోయిందనుకో...”

పూర్తిచెయ్యలేదు. తుడవడానికీ రాయడానికీ మధ్య బాబాయి ఎక్కడా ఉండడు. మా పేటలో కరెంటు మధ్యాహ్నం పూట చెప్పాపెట్టకుండా పోయేది. బ్యాటరీ పెట్టె తెప్పిస్తామని సెంటరువాళ్ళు అంటూనే ఉండేవారు.

రెండు ఫ్లాపీలూ పెట్టాం. సారు ఒక్కసారి నా ముఖం చూసి మీట నొక్కారు. ఎర్రదీపం వెలిగింది, మొదటి డ్రైవు గరగరలాడింది. తెర మీద మూడు పేర్లు కనబడ్డాయి. నాలుగోది లేదు. పైన ట్యూబులైటు ఒకసారి కొట్టుకుంది. స్టెబిలైజరు మూలిగింది. నేను టేబులు అంచు పట్టుకుని ఊపిరి బిగబట్టాను, నా ఊపిరితో ఆ డ్రైవు నడుస్తున్నట్టు.

రెండో డ్రైవు కదిలింది. బాబాయి వచ్చాడు. పక్కన ఏ మాటా లేదు.

ఆసుపత్రికి పరుగెత్తాను. బాబాయి అలాగే ఉన్నాడు. చెమట అలాగే, కళ్ళు అలాగే. మెట్ల మీద కూర్చుని, నేనింత పిచ్చివాణ్ణా అని సిగ్గుపడ్డాను, తర్వాత మళ్ళీ భయపడ్డాను. మర్నాటి పొద్దుటికి చెమట తగ్గింది. ఇంకో పూటకు నాయనమ్మను చూసి, “ఎందుకే ఏడుపు,” అన్నాడు. బతికించింది సూదులు. నేనేమీ చెయ్యలేదు. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఒంట్లో కాస్త సత్తువ వచ్చాక సెంటరుకు వచ్చాడు. సగానికి సగమైపోయి, మెట్లకే ఆయాసపడ్డాడు. గొప్పగా కొత్త భాగం చూపించాను. గులాబీరంగు ఆకాశం, నీలం కొండలు, ఊళ్ళోకి వెళ్తే సంగీతం. పాములకు ముఖాలొచ్చాయి. ముఖం వచ్చాక పాము మా లెక్కల లెక్చరర్‌లా పళ్ళికిలిస్తోంది. బాబాయి కావాలనే కత్తి దించి పామును కరవనిచ్చాడు. పడిపోయాడు. వైద్యుడి ఇంట్లో లేచాడు. మళ్ళీ కరిపించుకున్నాడు. మళ్ళీ లేచాడు.

“ఇదేం ఆటరా?” అన్నాడు. “చావు లేకపోతే కత్తెందుకు? పాతదైతే అడుగేస్తే గుండె జారేది. దీంట్లో ఏం జారతాయి, చెప్పులా?”

“చెప్పులు జారితే చాలు బాబాయ్.”

“నువ్వు మొదట్నుంచీ పిరికోడివే. ఆ పాతది పెట్టు.”

పెట్టాను. కొత్త మనిషిని తయారుచేశాడు. ఈసారి ఏదో రాజు పేరు పెట్టమని బతిమాలితే పెట్టాడు. నేల అనుకోవాల్సిన పచ్చటి చుక్కల మీద జోరుగా నాలుగు మలుపులు తిరిగాడు. ఐదో మలుపులో, వరస చివర, ఒక ‘ఎస్’.

బాబాయి వేలు మీట మీద ఆగింది. నేను తెర చూడలేదు, ఆ వేలే చూశాను. అది సన్నగా వణుకుతోంది. నీరసమేమో అనుకున్నాను. కింద రిక్షాలు పోతున్నాయి, గోడ మీద ఫ్యాను తిరుగుతోంది, బాబాయి నొక్కడం లేదు. చాలాసేపయ్యాక వేలు మెల్లగా వెనక్కి తీసుకుని, తుడుచుకుంటున్నట్టు లుంగీకి రాసుకున్నాడు.

“ఒరేయ్,” అన్నాడు, నా వైపు తిరక్కుండా. “ఆ రంగులదే పెట్టు.”