బంద్ రోజు ఆడిన రెండో భాగం

ఆ రోజు నేను చేసిన తప్పు చిన్నదిగానే మొదలైంది. వద్దన్న మనిషి దుకాణాన్ని ఆయనకు తెలియకుండా తెరిచాను. అదీ బంద్ రోజు, సిద్దిపేటలో, తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉన్న కాలంలో, ఒక వీడియో గేమ్ కోసం.

దుకాణం పాత బస్టాండు దగ్గర ఒక భాయ్‌ది. ముందు జిరాక్సు, లోపల నాలుగైదు కంప్యూటర్లు. అవి మొరాయిస్తే బాగుచేసేది నేనే కాబట్టి వెనక తలుపు తాళంచెవి ఒకటి నా దగ్గర ఉండేది. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. పగలు దీక్షా శిబిరంలో కూర్చునేవాణ్ణి, సాయంత్రం భాయ్ దుకాణంలో దయ్యాల ఆట ఆడేవాణ్ణి. రెండు చోట్లా నన్ను మించినవాడు లేడని నా నమ్మకం.

పాడుబడ్డ దవాఖానలో చిక్కుకున్న మనిషి, చచ్చి లేచినవాళ్ల నుంచి తప్పించుకుని బయటపడాలి. తూటాలు తక్కువ, మందులు తక్కువ. అదీ ఆట. మొదటి భాగాన్ని నేను ముగించాను. ఊళ్లో ఇంకెవరూ ముగించలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదొక చెత్త. ఆ వీరుడు వెనక్కి తిరగాలంటే సందులో లారీని రివర్స్ తీసినంత సేపు పట్టేది. తుపాకీ ఎత్తితే కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. ఎదురుగా ఏముందో చూపించాల్సిన కెమెరా పైకప్పు మూలకెక్కి కూర్చునేది. కనబడక భయపడేవాళ్లం, కదల్లేక చచ్చేవాళ్లం, దాన్నే గొప్ప భయం అనుకునేవాళ్లం. తలుపు దాటితే చాలు, వెంటపడ్డ శవం మర్యాదగా అవతలే ఆగిపోయేది. ఇంత మొద్దు ఆట మీద నెలల తరబడి చెమటోడ్చి, దాని మొద్దుతనానికి అలవాటు పడటాన్ని నా నేర్పు అని చెప్పుకు తిరిగాను.

రెండో భాగం వస్తుందనగానే చూడకుండానే తీర్పు చెప్పేశాను. "అది పోరగాళ్ల ఆటనట. నడుసుకుంట కాల్చొచ్చునట. ఇగ భయమేడిది?" అని శిబిరంలో అందరి ముందూ వెక్కిరించాను. బంద్‌కు ముందురోజు భాయ్ హైదరాబాదు నుంచి ఆ సీడీ తెచ్చాడు. బంద్ నాడు పొద్దున్నే పోయి అడిగాను.

"వద్దు తమ్మీ," అన్నాడు. "అందరు బంద్ చేసిన్రు. నేనొక్కన్ని తెరుస్తనా? రేపు ఆడుకో, ఏడికి పోతది."

ఆ రోజు చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండి, అందరూ అక్కడే కూర్చుని తినడం మా ఉద్యమ పద్ధతి. పెద్ద డేగిశా భాయ్ ఇంటిదే, కిచిడీ కలుపుతున్నదీ ఆయనే. ఆయన అక్కడ పొగలో ఉండగా నేను వెనక తలుపు తీసి లోపలికి పోయాను. ఆట బాగాలేదని ఊళ్లో అందరికంటే ముందు నేను చెప్పాలి కదా.

కాసేపటికే నోరు మూతపడింది. కెమెరా భుజం వెనకకు వచ్చింది. వీరుడు మనిషిలా తిరుగుతున్నాడు, నడుస్తూ గురిపెడుతున్నాడు. అయినా భయం తగ్గకపోగా పెరిగింది, ఎందుకంటే ఈసారి శవాలు తలుపులు తీసుకుని వస్తున్నాయి. టార్చి వేస్తే నాకు దారి కనిపిస్తుంది, వాటికి నేను కనిపిస్తాను. చచ్చినప్పుడు తిట్టుకోవడానికి పాత కెమెరా లేదు, నన్ను నేనే తిట్టుకోవాలి. పైగా వీరుడి వెంట గాయపడ్డ నర్సు ఒకామె కుంటుకుంటూ వస్తుంది. ఆమెను వదిలేసి పరిగెత్తి గేటు దాటాను. ఆట ముందుకు సాగలేదు. మళ్లీ ఆమె పడిపోయిన గదిలోకే తెచ్చి నిలబెట్టింది. మొదటి భాగం తయారుచేసినవాళ్లకు ఇటువంటి ఆలోచన వందేళ్లకైనా వచ్చేది కాదు. మనిషిని విసిగించడం వేరు, భయపెట్టడం వేరు అని తెలిసినవాళ్లెవరో దీన్ని చేశారు.

ఆమె ఎటువైపు నుంచి అరుస్తోందో తెలియాలని స్పీకర్ల సౌండు పెంచాను. బుద్ధి ఉన్నవాడెవడూ చేయని పని. షట్టరు మీద దబదబా దెబ్బలు పడ్డాయి.

"ఎవలో ఆడామె ఒర్లుతున్నదిరా లోపట."

వెనక నుంచి జారుకున్నాను. సందు చుట్టి వచ్చి గుంపులో చివర నిలబడ్డాను. అప్పటికే తాళం పగలగొట్టి షట్టరు లేపారు. లోపల ఫ్యాను తిరుగుతోంది, తెర మీద నర్సు ఇంకా నేల మీదే ఉంది. భాయ్ గరిటె చేతిలో ఉండగానే పరిగెత్తుకొచ్చాడు.

"ఏం భాయ్, గాడ కిచిడి కలుపుడు, గీడ గిరాకి నడుపుడా?" అన్నాడు మా శిబిరం కుర్రాళ్లకు పెద్దగా ఉండేవాడు.

"నేను తెరవలే."

"మరి దయ్యం తెరిచిందా?"

అందరూ నవ్వారు. భాయ్ తెరను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆ పెద్ద కూడా నా వైపు తిరిగాడు. "నువ్వు రోజు గీడనే ఉంటవు గద. ఎవడు లోపట?"

"నాకేం ఎర్క," అన్నాను.

షట్టరు దించి వాళ్ల తాళం వేశారు. రాష్ట్రం వచ్చేదాకా తెరవొద్దన్నారు. దాని మీద ఎర్ర రంగుతో 'తెలంగాణ ద్రోహి' అని రాశారు. భాయ్ ఇల్లు గడిచేదే ఆ దుకాణం మీద. పొద్దుటి నుంచి వండినవాడు మెతుకు ముట్టకుండా ఇంటికి పోయాడు. నేను కూర్చుని ఆ కిచిడీ తిన్నాను. మళ్లీ పెట్టించుకున్నాను కూడా.

మరునాడు శిబిరంలో మైకు అడిగి తీసుకున్నాను. ఉపన్యాసం అనుకుని చప్పట్లు కొట్టారు. "తెరిచింది నేను," అన్నాను. "భాయ్ వద్దన్నడు. నిన్న ఎర్కలేదన్నది అబద్ధం."

"దేనికోసం తెరిచినవ్?" అన్నాడు ఆ పెద్ద.

"ఆట కోసం."

"థూ నీ బతుకు. మంచి మనిషి దుకాణానికి మా చేత తాళం ఏపిస్తివి గదరా."

అతన్ని వెంటబెట్టుకుపోయి తాళం తీయించాను. రాత మాత్రం అట్లాగే ఉంది. కిరసనాయిలూ పాత గుడ్డా తెచ్చి, బజారు నిండుగా ఉన్న వేళ షట్టరు ముందు కూర్చున్నాను. అక్షరాలు పోయినా ఎర్రటి మరక పోలేదు. నీలం పెయింటు తెచ్చి షట్టరు మొత్తానికీ వేయడం మొదలుపెట్టాను. ఆగి అడిగినవాళ్లకల్లా జరిగింది చెప్పాను. చాయ్ హోటలాయన ఒకసారి విని సరిపెట్టుకోక, పక్క కొట్టువాళ్లను పిలుచుకొచ్చి మళ్లీ చెప్పించాడు.

సాయంత్రం భాయ్ వచ్చాడు.

"మాఫ్ చెయ్యి భాయ్," అన్నాను.

ఆయన షట్టరును పైనుంచి కిందికి చూశాడు. "కింద ఇడిసిపెట్టినవ్. గాడ జంగు వట్టింది," అన్నాడు.

వంగి, ఆ తుప్పంతా గీకి, అక్కడ కూడా వేశాను.