తీసేసిన అలారం

దయ్యాల మాట ఎత్తితే నవ్వేదాన్ని. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. కానీ ఆ రోజు మధ్యాహ్నం మూడున్నరకు, ప్రొద్దుటూరులో మా ఇంటి హాల్లో, ల్యాప్‌టాప్ తెర మీద ఒక పేరును రెండుసార్లు చదివాను. అప్‌గ్రేడ్‌లో తొలగిపోయిన ప్రోగ్రాంల జాబితా అది. అందులో మా తమ్ముడు రాసిన అలారం ప్రోగ్రాం ఉంది.

మా చిన్నోడికి ఏడాదిన్నర. నెలలు నిండకుండా పుట్టాడు. నిద్రలో ఉన్నట్టుండి వాడికి ఊపిరి ఆగుతుంది. తట్టి లేపితే మళ్లీ తీసుకుంటాడు. అందుకని తమ్ముడు అరచేతిలో పట్టేంత లినక్స్ కంప్యూటర్ పెట్టె ఒకటి తెచ్చి మంచం పక్కన గోడకు బిగించాడు. చిన్నోడి కాలివేలికి పెట్టిన క్లిప్పు నుంచి ఆక్సిజన్ ఎంతుందో దానికి తెలుస్తుంది. తగ్గితే రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత.

తమ్ముడు ఇడుపులపాయలో ఇంజినీరింగ్ చదువుకున్నవాడు. పెట్టె బిగించిన నాలుగు నెలలకు జమ్మలమడుగు రోడ్డులో లారీ గుద్ది పోయాడు.

మా ఆయనకు పులివెందులలో ఉద్యోగం. అక్కడి నుంచే ఫోన్లో చిన్నోడి ఆక్సిజన్ చూసుకుంటారు. రెండు రోజులుగా ఏమీ కనబడలేదు. ఫోన్లో యాప్ కొత్తదైంది, దానికి కావలసిన కొత్త లైబ్రరీ, అంటే ప్రోగ్రాంలు ఆధారపడే ఫైళ్ల కట్ట, పెట్టెలో లేదు. అప్‌గ్రేడ్ చేస్తే సరిపోతుందనుకున్నాను. పెళ్లికి ముందు రెండేళ్లు నేను చేసిన పనే అది.

మాతోనే ఉండే మా అమ్మ వద్దంది. సంవత్సరీకం అయ్యేదాకా తమ్ముడి చేతి వస్తువు ఏదీ కదిలించకూడదని ఆమె పట్టు. వాడి చెప్పులు కూడా గడప పక్కన అట్లాగే ఉన్నాయి.

"వాడు పెట్టింది పెట్టినట్టే ఉండనీ మే. ఇంగ రెండు మాసికాలే కదా."

"మిషన్‌కు కూడా మాసికాలు పెడతామా మా?" అన్నాను.

"నవ్వు, నవ్వు. శానా సదివినావు కదా."

అప్‌గ్రేడ్ సాగలేదు. తమ్ముడి ప్రోగ్రాం పాత లైబ్రరీ మీద నడుస్తుంది, ఫోన్‌కు కొత్తది కావాలి, రెండూ ఒకే పెట్టెలో ఇమడవు. పాతదానికి వాడు హోల్డ్ పెట్టి ఉన్నాడు. అంటే ఏ అప్‌గ్రేడూ దాన్ని మార్చకుండా కట్టేసి ఉంచాడు. ఆ హోల్డ్ నేనే తీసేశాను. తొలగిపోయేవి ఇవీ అని చూపించి, సరేనా అని పెట్టె అడిగింది. చదవకుండా, అవునని వై నొక్కాను. ఉద్యోగంలో అలవాటైన నొక్కుడు. అయిపోయాక పెట్టెను రీస్టార్ట్ కూడా చేశాను. జాబితా చూసింది ఆ తర్వాతే.

అప్పటికి చిన్నోడు లోపలి గదిలో నిద్రపోతున్నాడు. అమ్మను వాడి పక్కన కూర్చోబెట్టి, ప్రోగ్రాం మళ్లీ ఎక్కించడానికి హాల్లో కూర్చున్నాను. ఎక్కడ వెతికినా పాత లైబ్రరీ దొరకలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే ఎర్రర్. ఇరవై నిమిషాలు గడిచాయి.

గదిలో నుంచి కూత వినిపించింది. రెండు పొట్టివి, ఒక పొడుగు.

పరుగెత్తాను. అమ్మ గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. చిన్నోడి పెదవులు నీలంగా ఉన్నాయి. తట్టాను, కదల్లేదు. అరికాలు గిల్లాను, కదల్లేదు. వాణ్ని ఎత్తుకుని, నోట్లో ఊపిరి ఊదుతూనే బయటికి వచ్చాను. ఎదురింటి మస్తానన్న అప్పటికే ఆటో స్టార్ట్ చేసి నిలబడి ఉన్నాడు.

"ఏంది పాపా ఆ కూత? రోడ్డు మీదికి వినపడె," అన్నాడు.

ఆ పెట్టె స్పీకర్ అగ్గిపెట్టె అంత ఉంటుంది. తలుపు వేస్తే వంటింట్లోకే సరిగా వినబడదు.

చిన్నోడు దక్కాడు. ఇంకో రెండు నిమిషాలైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నాడు. ఆ రాత్రికి ఆసుపత్రిలోనే ఉంచారు.

బట్టల కోసం సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు పెట్టెను చూశాను. తీసేసిన ప్రోగ్రాం కూడా, అప్పటికే నడుస్తూ ఉంటే, మెమరీలో కొంతసేపు బతికి ఉంటుంది. అది నాకు తెలుసు. కానీ నేను రీస్టార్ట్ చేశాను. ఏ నిమిషంలో చేశానో లాగ్‌లో ఉంది. దాని తర్వాత ఆ ప్రోగ్రాం మొదలైన జాడ ఎక్కడా లేదు. కూత ఫైలు కూడా లేదు. అన్నీ రెండోసారి, మూడోసారి చూశాను.

ఇది రాస్తున్నప్పుడు చిన్నోడు నా పక్కనే పడుకుని ఉన్నాడు. వాడికి ఇప్పుడు ఆసుపత్రి వాళ్లు చెప్పిన మిషన్ పెట్టాం. తమ్ముడి పెట్టె గోడకు అట్లాగే ఉంది. వాడి ప్రోగ్రాం మళ్లీ ఎక్కలేదు. రెండు పేరాలకోసారి పెన్ను ఆపి చిన్నోడి ఛాతీ చూస్తున్నాను.

ఆసుపత్రిలో ఆ రాత్రి గడిచాక, మరుసటి రోజు ఉదయమే వాణ్ని ఇంటికి తెచ్చాం. ఆరేళ్ల మా పాప చిన్నోడి కాలు పట్టుకుని కూర్చుంది.

"మామనే మోగించినాడంట కదమ్మా? అవ్వ చెప్పింది."

అమ్మ వాకిట్లో నిలబడి నా వైపే చూస్తోంది. చిన్నోణ్ని ఒళ్లో పెట్టుకుని, పాపను దగ్గరికి తీసుకున్నాను. పాపకూ అమ్మకూ ఒకే మాట చెప్పాను.

"అలారం తీసేసింది నేనే. సదవకుండా తీసేసినా. మోగించింది ఎవరో నాకు తెలీదు. మళ్లా మోగుతాదని నమ్ముకోని మాత్రం నేను నిద్దరపోను."