దారిలో స్టూలు

నిన్న మధ్యాహ్నం మా ఇంట్లో ఇనుప స్టూలు దభీమని పడింది. నటేశన్ నగర్‌లో మాది ఇరుకిల్లు. వంటింటి గుమ్మం పక్కనున్న ఆ స్టూలును మా ఆయన చూసుకోలేదు. కోడలు పరుగున వచ్చి దాన్ని మూలకు ఈడ్వబోయింది.

"వద్దు కన్నా, యాడుండిందో ఆడనే పెట్టు," అన్నాను.

"ఏంది అత్తా, మామ మళ్ళీ తగులుకోవాల్నా?" అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. ఇనుము నేలను గీరిన చప్పుడుకి పార్వతి మేడమ్ గుర్తొచ్చారు.

ఆవిడది యానాం. ఇక్కడొక మాత్రల కంపెనీలో పరీక్షల గది ఆవిడ చేతిలో ఉండేది. అయిదో తరగతితో చదువాపేసిన నేను అక్కడ గాజు సామాను కడిగేదాన్ని. ఆ గదిలో లోపల దీపం వెలిగే మిషను ఒకటుండేది. మాత్రను నూరి, కరిగించి, సెల్ అనే వేలెడంత పలకల గాజు గొట్టంలో పోసి ఆ దీపానికి అడ్డంగా పెడతారు. మందు ఎంతుంటే అంత వెలుతురును మింగేస్తుంది. అవతలికి చేరిన వెలుతురును బట్టి మాత్రలో మందు సరిగ్గా ఉందో లేదో మిషను చెబుతుంది. సెల్‌కు రెండు పక్కలు తేట, రెండు పక్కలు గరుకు. మొదటి రోజే నేను తేట పక్కన పట్టుకుంటే మేడమ్ కేకేశారు.

"ఇదిగో రాజమ్మా! గరుకు పక్కే పట్టుకోవాలి. నీ వేలి జిడ్డుని కూడా మిషను మందనే లెక్కేసేస్తుంది. చింతపండు పిసికిన చేత్తో ముట్టుకున్నావంటే ఉత్త సుద్దముక్క కూడా పాసైపోద్దే!"

"అయితే జ్వరమొచ్చినోళ్ళకి మన పులుసే మందా మేడమ్?"

ఆవిడ పడీపడీ నవ్వారు. ఆ రోజు నుంచి కడగడం, తుడవడం, వెలుతురుకెత్తి చూడడం, అన్నీ పక్కన నిలబడి నేర్పారు. నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా ఒక పని నేర్పిన మొదటి మనిషి ఆవిడే.

కొన్నేళ్ళకు మేడమ్ ఆ గదిలోని ఇనుప స్టూళ్ళకు తగులుకోవడం మొదలైంది. ఎదురుగా ఉన్నవి బాగానే కనబడేవి, పక్కనున్నవే కనబడేవి కావు. ఒకసారి సెల్ గరుకు పక్కను దీపానికి తిప్పి పెట్టేశారు. అంకెలు ఎక్కడికో పోయాయి. నేను చూసి సరిగ్గా తిప్పాను.

"గోరిమేడు ఆసుపత్రికి పోదాం మేడమ్, నేను తోడొస్తా."

"తనిఖీవాళ్ళు వచ్చి వెళ్ళనియ్యే. ఇప్పుడు సెలవు పెడితే ఈ మిషను దగ్గర ఇంకొకర్ని కూర్చోబెట్టేస్తారు. నాకున్నది ఇదొక్కటే కదే."

ఆ తనిఖీ అయ్యాక ఇంకో తనిఖీ. చూస్తూ ఊరుకోలేక, ఆవిడ వచ్చేలోగా స్టూళ్ళన్నీ గోడవారకు జరిపేదాన్ని. సెల్ తుడిచి సరైన పక్క తిప్పి చేతికిచ్చేదాన్ని. పెట్టాక నేనూ ఒకసారి వంగి చూసేదాన్ని. మాత్రల పరీక్ష ఎన్నడూ తప్పలేదు. ఆవిడ ఎక్కడా తగులుకోనూ లేదు. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

ఒకనాడు రెడ్డియార్‌పాళయంలో రోడ్డు దాటుతూ, పక్కనుంచి వచ్చిన స్కూటరును మేడమ్ చూడలేదు. తగిలిన దెబ్బ చిన్నదే. దానితోనే గోరిమేడు వెళ్ళాం. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయిందనీ, పోయిన చూపు ఇక రాదనీ, మిగిలినదాన్ని కాపాడుకోవాలనీ డాక్టరు చెప్పాడు. బయట బల్ల మీద మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వా స్టూళ్ళు జరపకపోయుంటే, మోకాలు పగలగొట్టుకుని ఎప్పుడో వచ్చుండేదాన్నే," అని నవ్వారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటేనే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మేడమ్ ఉద్యోగం మానేసి యానాంలో తమ్ముడింటికి వెళ్ళిపోయారు. "సెల్‌లు ఎవరు తుడుస్తున్నారే?" అని ఫోన్లో అడిగేవారు. ఆవిడ కన్నుమూశాక ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేరు. మంచినీళ్ళ గ్లాసు ఎత్తినా నా వేళ్ళు వాటంతటవే గరుకు పక్క వెతుక్కుంటాయి. అది ఆవిడ నేర్పిందే. స్టూలు సంగతి మాత్రం ఆవిడ నేర్పాలనుకున్నది కాదు.

నేను చెప్పిందంతా విని కోడలు స్టూలు మీద నుంచి చెయ్యి తీసింది. "నాకేం లేదు, కాలు జారింది," అని లోపలి నుంచి మా ఆయన గొణిగాడు.

"సరే, రేపు పొద్దున్నే గోరిమేడు పోతా ఉండాం."

"దాన్ని పక్కకన్నా నెట్టవే ముందు!"

"పోయొచ్చినాక నెడతా."