పెద్దమ్మాయికి రెండో సూది

జూన్ నెల మొదలైన దగ్గర్నుంచి దైవాధీనం మంచం మీద నడుం వాల్చిన రాత్రుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గుడివాడ దగ్గర పున్నారావు గారి చేపపిల్లల హేచరీలో ముప్ఫై ఒక్కేళ్ళుగా తల్లిచేపలకు సూది వేసేది ఆయనే. చెరువులో పెరిగిన చేప వరదనీరు ఒంటికి తగలనిదే గుడ్డు విడవదు. ఆ వరదను సూదిలో పెట్టి ఇవ్వడం ఆయన పని.

చుట్టుపక్కల హేచరీల వాళ్ళందరికీ ఆయన ఫోన్ నంబరు కంఠతా వచ్చు. అన్నం ముద్ద నోటి దగ్గరుండగా ఒకడు, ప్రార్థనకు మోకాళ్ళ మీద ఉండగా ఇంకొకడు ఫోన్ చేస్తాడు. ఈ మధ్య ఫోను మోగినా ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళడం లేదు.

"చెవుడు గానీ వచ్చిందా ఏంటి?" అంది భార్య ఎస్తేరు.

"చెవులున్నాయే. ఓపికే లేదు."

ఆ ఉదయం తొమ్మిదింటికి ఆయన గుండ్రటి సిమెంటు తొట్టి పక్కన థర్మోకోల్ పెట్టె మీద కూర్చున్నాడు. తొట్టిలో పెద్దమ్మాయి ఉంది. అది పన్నెండు కిలోల బొచ్చె చేప. వేలెడంత పిల్లప్పుడు తెచ్చి ఎనిమిదేళ్ళు పెంచాడు. దాని సంగతి ఎవరైనా అడిగితే, ఓసారి అది తోక విసిరిన విసురుకు పక్క చేలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు వానొచ్చిందని గొడుగులు తెరిచారని చెబుతాడు. రాత్రి పదకొండింటికి దాని రెక్క మొదట్లో సూది వేశాడు. వేసి పది గంటలు గడిచాయి. మగచేపలు చుట్టూ తిరుగుతున్నా అది అడుగున బండలా పడి ఉంది.

పున్నారావు గారు లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చారు. "ఏవయ్యా, ఇంకెంతసేపు? నాలుగో రోజుకల్లా చేపపిల్ల కావాలని అవనిగడ్డ చెరువుల వాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు. ఇంకో డోసు పడెయ్యి."

"వాయుగుండం వానకి నీళ్ళు చల్లబడ్డాయండీ. ఆలస్యం అవుద్ది. పదకొండు దాకా చూద్దాం."

"చూసి చూసి కళ్ళు కాయలు కాచాయి. మందేది?"

మందు ఆయన కూర్చున్న పెట్టెలోనే ఉంది, ఐసు ముక్కల మధ్య. దైవాధీనం లేవలేదు. పోయినేడు ఎస్తేరు ఆపరేషనుకని తను బందరులో ఉన్నప్పుడు, దీని జోడు చేప చిన్నమ్మాయికి పున్నారావు గారు సొంత చేత్తో రెండో సూదీ మూడో సూదీ పొడిచారు. గుడ్డు కడుపులోనే గడ్డకట్టి, మర్నాటికి అది వెల్లకిలా తేలింది. తిరిగొచ్చి దాన్ని గట్టు మీదికి మోసింది తనే. ఇవాళ లేస్తే పెద్దమ్మాయీ దక్కదు.

"లేవయ్యా."

"కాళ్ళు పట్టేశాయండీ."

"ఇప్పుడే పట్టాలా? అసలా మందు లోపలికి పోయిందో లేదో!"

"ఒంట్లోకి పోయిందండీ. కణంలోకి మాత్రం పోదు. ఎన్ని సీసాలు పోసినా పోదు. అమ్మాయి గారు చెప్పలా?"

అమ్మాయి గారంటే పున్నారావు గారి కోడలు భార్గవి. ఫిషరీస్ చదివింది. మందు ఎలా పనిచేస్తుందో తన కాన్వెంటు హాస్టల్ గేటుతో పోల్చి ఓసారి ఆయనకు విడమరిచి చెప్పింది. దైవాధీనం దాన్ని తన పద్ధతిలో అప్పజెప్పాడు.

"కణం చుట్టూ నూనె పొర ఉంటదండీ, కాన్వెంటు గోడ లాగా. మన మందు నీళ్ళ సరుకు, దాంట్లోంచి దూరలేదు. పిల్లని చూడ్డానికొచ్చిన మేనమామ అనుకోండి. గేటు బయటే నిలబడి గంట తాడు లాగాలి. గేటు లోపల సిస్టరమ్మ కబురందుకుని గంట కొట్టిస్తది. ఆ ఒక్క గంటకి వెయ్యి మంది పిల్లలు లేచి పరిగెత్తుతారు. మేనమామ మాత్రం రోడ్డు మీదే. అప్పుడు మెదడు కింద గ్రంథి నించి ఇంకో కబురు నెత్తుట్లో బయల్దేరి, గుడ్ల సంచి కాడికి పోయి, అక్కడ గేట్ల దగ్గర మళ్ళీ గంట కొట్టాలి. ఈ చలికి అందరూ నిదానంగా నడుస్తున్నారు, అంతే."

"అయితే మళ్ళీ కొట్టు గంట!"

"అక్కడే ఉందండీ తంటా. ఊరికే లాగుతా కూర్చుంటే పిల్లలు లేవడం మానేస్తారు. ఆనక సిస్టరమ్మకి చిరాకేసి తాడే లోపలికి లాగేసుకుంటది. ఇహ కలెక్టరు గారొచ్చినా పిలవడానికి తాడుండదు."

టీ ఫ్లాస్కుతో వచ్చిన భార్గవి ఆగిపోయింది.

"నిజమేనా అమ్మాయ్?" అన్నారు పున్నారావు గారు.

"మా హాస్టల్లో వెయ్యి మంది ఎక్కడ బాబాయ్, నలభై మందిమేగా! మిగతాదంతా నిజమే మావయ్యగారూ. కాసేపు ఆగండి."

పున్నారావు గారు గొణుక్కుంటూ గట్టు మీదికి వెళ్ళారు. అయిదు నిమిషాలకోసారి వచ్చి పెట్టె వైపు చూసి వెళ్ళారు. దైవాధీనం మొదట పట్టుదలతో కూర్చున్నాడు. కాసేపటికి ఆ పట్టుదల కూడా అలిసిపోయింది. కాళ్ళు పట్టేశాయని ఆడిన అబద్ధం నిజమై నడుం దాకా పాకింది. తల గుండెల మీదికి వాలింది.

పదకొండు కావస్తుండగా తొట్టిలో నీళ్ళు మసిలినట్టు కదిలాయి. పెద్దమ్మాయి పైకి లేచి, ఒళ్ళు విరుచుకుని, తోక కొట్టింది. నీళ్ళు దైవాధీనం మొహాన పడ్డాయి. గుడ్లు నీటి సుడిలో గిరగిరా తిరిగాయి.

"దైవాధీనం! విడిచిందయ్యా! ఓ దైవాధీనం!"

ఆయన కదల్లేదు. గురక మాత్రం వినిపించింది. జేబులో ఫోను మోగి, ఆగి, మళ్ళీ మోగింది. భుజం పట్టి కుదపబోతున్న పున్నారావు గారిని భార్గవి ఆపింది.

"వద్దు మావయ్యగారూ. జూన్ నుంచి ఆ మనిషిని పిలుస్తూనే ఉన్నాం."

"మరి గుడ్లని పక్క తొట్టిలోకి ఎవరు మళ్ళిస్తారు?"

"మనమే."

పున్నారావు గారు వంగి, మోగుతున్న ఫోనును దైవాధీనం జేబులోంచి మెల్లగా తీసి, ఆపేసి, చెప్పులు విడిచి గుడ్లు మళ్ళించే పైపు దగ్గరికి నడిచారు.