గాజుల కొలత మారిన రోజు

1979 ఆగస్టు 19, ఆదివారం. ఒర్లియంపేటలో మా ఇల్లు. ఉన్నవారు: నేను, నా భార్య, ఏడో నెల గర్భంతో ఉన్న మా అమ్మాయి సరళ, అల్లుడు, విల్లియనూరు నుండి వచ్చిన మా వదిన, గాజులు తొడిగే ఆమె.

ఆ రోజు సరళకు గాజుల వేడుక. నెల కిందటి కొలతతో తెచ్చిన గాజులు సబ్బు రాసినా చేతికి ఎక్కలేదు.

"ఈ కొలత చాలదమ్మా. చేతులు ఉబ్బుండాయి," అంది గాజులామె.

"ఉబ్బేంది? పుట్టింటి కూడు ఒంటబట్టింది," అంది వదిన. "అల్లుడుగారూ, మీ ఇంట్లో పిల్లకి ఏం పెట్టినారో ఏమో."

అందరం నవ్వాం. పెద్ద కొలత గాజులు తొడిగారు. ఆ సాయంత్రం నా డైరీలో ఇలా రాసుకున్నాను: 'సరళ ఒళ్లు చేసింది. సంతోషం. నిన్నటి చెకప్ వేడుక పనుల వల్ల కుదరలేదు. వచ్చే వారం.'

బుధవారం సరళ తల పట్టుకుని కూర్చుంది. "నొప్పి తగ్గలేదు నాయనా. కండ్ల ముందర మెరుపుల మాదిరి ఉండాది." నా భార్య శొంఠి పట్టు వేసింది. గురువారం ఉదయానికి ముఖం కూడా ఉబ్బింది. రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాం.

బి.పి. 180/120. యూరిన్‌లో ఆల్బుమిన్. టాక్సీమియా, అంటే గర్భంతో వచ్చే బి.పి. జబ్బు అన్నారు డాక్టరమ్మ.

"వాపు ఎప్పటి నుంచి?"

"ఆదివారం చూశాం."

"చూసి?"

"పెద్ద కొలత గాజులు తొడిగించాం," అన్నాను.

"బి.పి. దిగకపోతే ఫిట్స్ వస్తాయి. తల్లి దక్కాలంటే బిడ్డను ముందే తీయాలి," అన్నారు.

శుక్రవారం సిజేరియన్ చేశారు. ఆడపిల్ల. 1,100 గ్రాములు. తల్లి బి.పి. వల్ల బిడ్డకు రక్తం సరిగా అందలేదనీ, అందుకే నెలలకు తగిన బరువు కూడా లేదనీ చెప్పారు. ఇన్‌క్యుబేటర్‌లో ఊపిరి తీసిన ప్రతిసారీ పాప డొక్కలు లోపలికి పోయేవి. "లంగ్స్ ఇంకా తయారు కాలేదు. ఆక్సిజన్ పెట్టాం. ఇక చూడాలి," అన్నారు పిల్లల డాక్టరు. సోమవారం మధ్యాహ్నం పాప పోయింది.

సరళ మంచం దిగే స్థితిలో లేదు. బిడ్డను ఒక్కసారీ చూడలేదు.

"ఎవరి మాదిరి ఉండింది నాయనా?"

"ముక్కు నీదే," అన్నాను.

ఆమె బి.పి. మామూలు కావడానికి ఆరు వారాలు పట్టింది. మూడేళ్ల తర్వాత మళ్లీ గర్భం వచ్చినప్పుడు మొదటి నెలల నుంచే బి.పి. చూపించాం. నెలలు నిండి కొడుకు పుట్టాడు. ఇప్పుడు బడికి పోతున్నాడు. సరళ ఇప్పటికీ బి.పి. మాత్ర వేసుకుంటుంది.

చదివేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. గర్భిణికి చేతులో ముఖమో ఉబ్బినా, తలనొప్పి వదలకపోయినా, చూపు చెదిరినా అదే రోజు బి.పి. చూపించండి. వేడుకను వాయిదా వేయండి, చెకప్‌ను కాదు.

పాప పోయిన మర్నాటి సంగతి కూడా డైరీలో ఉంది. మంగళవారం ఉదయం సరళకు పాలు పడ్డాయి. జాకెట్టు తడిసిపోయింది. నర్సు చిన్న గిన్నె పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది.

"అక్కడ ఇంకో బిడ్డ ఉండాదమ్మా. వాళ్లమ్మకు స్పృహ లేదు. నీకు ఇష్టమైతేనే, దీంట్లో కొంచెం పాలు పిండి ఇయ్యి."

సరళ ఆమె వైపు తిరిగింది.

"ఎంత బరువు?" అని అడిగింది.

"పన్నెండు వందలు."

లేపి కూర్చోబెట్టమని నా భార్యకు సైగ చేసి, గిన్నె అందుకుంది. నేను బయటికి వచ్చి నిలబడ్డాను.