పసుపు కింద మచ్చ

ఇప్పపువ్వు ఆరబోసిన చోట ఎర్రచీమలు పట్టడం మాకు కొత్త కాదు. ఆ రోజు పెరట్లో నేనూ మా తోటికోడలూ పువ్వు తిరగేస్తున్నాం. చూసుకోకుండా చీమల బారు మీద నిలబడ్డట్టున్నాను, ఎడమ కాలు భగ్గుమంది. కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని తొట్టి దగ్గరికి పరుగెత్తాను. తోటికోడలు కడుపు పట్టుకుని నవ్వింది. కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటుంటే కుడి చీలమండకు కొంచెం పైన, బయటి వైపు, చీమలు పళ్ళు దింపి వేలాడుతూ కనిపించాయి. గిల్లి పారేశాను. రక్తపు చుక్కలు వచ్చాయి. ఎడమ కాలు మండిపోతోంది, కుడి కాలి మీద అంత మేర మాత్రం చీమ కుట్టిన సంగతే తెలియలేదు. అక్కడ చర్మం రూపాయి బిళ్ళంత వెడల్పున పాలిపోయి ఉంది.

అవి బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజులు. కోంటాలో మాది ఉప్పు, బట్టల దుకాణం. మామగారు పోయాక మా బావగారు పెద్దరికం చేసేవారు. మా ఆయన అన్నగారి మాట దాటేవారు కాదు. మా పాప రాజ్యం అప్పుడే అడుగులు నేర్చుకుంటోంది.

మచ్చ సంగతి అత్తమ్మకు చెప్పాను.

"తామర. పసుపు ఇంకొంచెం పైదాకా రాయి, పోతది" అంది.

"తామరైతే దురద ఉండాలి కదా అత్తమ్మా. ఇక్కడ చీమ కుట్టినా తెలుస్తలేదు."

"తెలువకపోతే మంచిదే కదనే. తెలిస్తే ఏడుస్తవు, తెలువకపోతే ఏడుస్తవు. ఏందే నీ గోల?"

ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. పసుపు పైదాకా రాశాను. మచ్చ పసుపు కిందే పెరిగింది. ఆ చోట చెమట పట్టదు, వెంట్రుక మొలవదు. వంటింట్లో ఉన్నా, దుకాణంలో ఉన్నా నా చెయ్యి ఊరికే ఆ కాలి మీదికి పోయేది. గిల్లుకునేదాన్ని, పుల్లతో గీసుకునేదాన్ని. కుదురుగా ఒక చోట కూర్చోలేకపోయాను.

వానలు పోయాక బావగారు బట్టల సరుకు కోసం జగదల్‌పూర్ బయలుదేరారు. అక్కడ డాక్టరుకు కాలు చూపించాల్సిందేనని నేను మా ఆయన వెంటపడ్డాను. చివరికి లారీలో మమ్మల్నీ ఎక్కించుకున్నారు. అత్తమ్మ కూడా వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు పొద్దున సత్రంలో ఆవిడ నన్ను కూర్చోబెట్టి, పాదాల నుంచి పిక్కల దాకా ముద్దగా పసుపు పట్టించింది.

"డాక్టరు మచ్చ చూడాలి కదా అత్తమ్మా" అన్నాను.

"చూస్తడు, చూడకేం. ముత్తైదువవు, ఎండిన కాళ్ళేసుకుని పరాయి మగాడి ముందు కూచుంటవా? మా ఇంటి మర్యాద ఏం కాను?"

డాక్టరు హిందీ ఆయన. నాకు హిందీ రాక కాదు. దుకాణంలో హిందీ, హల్బీ, దోర్లీ మాట్లాడి సరుకు అమ్మినదాన్ని నేను. కానీ మా ఇళ్ళలో బావగారు ఎదుట ఉంటే మరదలు నోరు విప్పకూడదు. అందుకని నా కాలి గురించి బావగారే జవాబులు చెప్పారు.

"దర్ద్ హై?" అని డాక్టరు అడిగాడు. నొప్పి ఉందా అని.

"నహీ సాహబ్."

"ఖుజ్‌లీ?"

బావగారికి నా దురద సంగతి ఏం తెలుసు? అయినా "థోడా థోడా", కొంచెం కొంచెం ఉందని అన్నారు.

డాక్టరు బల్ల అవతలి నుంచే వంగి చూశాడు. ఆయనకు కనిపించింది పచ్చటి పిక్క. "రింగ్‌వర్మ్" అన్నాడు, అంటే తామరే. ఒక ఆయింట్‌మెంట్ రాసిచ్చాడు. నేను మా ఆయన చొక్కా పట్టి లాగి, స్పర్శ లేని సంగతి చెప్పమని గొణిగాను. ఆయన బావగారి ముఖం చూసి ఊరుకున్నారు.

తిరుగు దారిలో బావగారు లారీ డ్రైవరుతో, "మా వాళ్ళకు తామరొస్తే జగదల్‌పూర్ పెద్ద డాక్టరు కావాలె. రేపు జలుబొస్తే రాయపూర్ తీసుకపోవాలేమో" అని నవ్వారు. అత్తమ్మా నవ్వింది. డ్రైవరూ నవ్వాడు. ఆ డ్రైవరు ముఖం ఇప్పుడు కనిపించినా గుర్తుపడతాను.

ఆ ఆయింట్‌మెంట్ పూసిన నా వేళ్ళు చురుక్కుమనేవి, కాలు మాత్రం చురుక్కుమనలేదు. డబ్బీలు ఖాళీ అవుతూనే ఉన్నాయి. మళ్ళీ ఇప్పపువ్వు కాలం వచ్చేసరికి మచ్చ అరచేయంత అయింది, అంచు ఎర్రగా ఉబ్బింది. నడుస్తుంటే కుడి బొటనవేలు గడపకు తగులుతోంది. రక్తం కారుతుంటే వెనక వచ్చేవాళ్ళు చెప్పాల్సి వచ్చేది.

ఇక ఎవరినీ అడగలేదు. కూనవరంలో ఉన్న మా అన్నయ్యకు కబురు పెట్టి పిలిపించుకున్నాను. "పుట్టింటికి పోయొస్తా" అని పాపను చంకనేసుకుని పడవ ఎక్కాను. అన్నయ్య నన్ను శబరి మీదుగా గోదావరిలోకి, అక్కడి నుంచి కింది వైపు ఒక మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడ డాక్టరును చూడకముందే ఒక నర్సు నన్ను బకెట్ దగ్గర కూర్చోబెట్టి సబ్బు తీసింది. నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.

"పసుపు కడగొద్దమ్మా, అపశకునం" అన్నాను.

"సాయంత్రం మళ్ళీ రాసుకుందువులే. డాక్టరమ్మకు కాలు కావాలి" అని రుద్ది కడిగేసింది.

డాక్టరమ్మ తెలుగావిడే. నా కాలు తన ఒళ్ళో పెట్టుకుంది. దూది కొస నలిపి నాకు చూపించి, "ఇది ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టు. కళ్ళు మూసుకో" అంది. మోకాలి మీద తగిలింది, పెట్టాను. పాదం లోపలి వైపు తగిలింది, పెట్టాను. ఆ తరువాత కళ్ళు మూసుకుని ఎంతసేపు కూర్చున్నా ఏమీ తగలలేదు.

"ముట్టుకోండమ్మా, ఎదురు చూస్తున్నా" అన్నాను.

"ఇందాకటి నుంచీ ముట్టుకుంటూనే ఉన్నా" అందావిడ మెల్లగా.

మోకాలి వెనక పక్కన వేలితో తడిమి, "నర్వ్ దారంలా గట్టిపడింది" అంది. పరీక్షకని చెవి తమ్మె నుంచీ మచ్చ అంచు నుంచీ చర్మం గీకి స్మియర్ తీశారు. మర్నాడు నన్నూ అన్నయ్యనూ కూర్చోబెట్టి చెప్పింది. "ఇది లెప్రసీ. స్మియర్ నెగెటివ్. అంటే నీది ఇతరులకు అంటించే రకం కాదు. ప్యాచ్‌లో సెన్సేషన్ పోయింది, నర్వ్ దెబ్బతింటోంది. వైద్యం ఉంది, కానీ ఏళ్ళు పడుతుంది."

అన్నయ్య తల దించుకున్నాడు. నేను నిద్రపోతున్న పాప వైపు చూశాను.

"ఎత్తుకోవచ్చు" అంది డాక్టరమ్మ, నేను అడగకముందే. "అప్పుడప్పుడు పాపను కూడా తీసుకురా, ఒళ్ళు చూస్తాను. ఇంతకీ ఇన్నాళ్ళూ ఎవరూ నీ కాలు ముట్టుకుని చూడలేదా?"

"పసుపు చూశారమ్మా" అన్నాను.

వైద్యం అంటే ఇంజెక్షన్లు. హిడ్నోకార్పస్ అనే చెట్టు గింజల నూనె మచ్చ చుట్టూ చర్మంలోకి ఎక్కించేవారు. మచ్చ మధ్యలో తెలిసేది కాదు కానీ అంచుల్లో ప్రాణం పోయేది. కొన్నాళ్ళు అన్నయ్య ఇంట్లో ఉండి చేయించుకున్నాను. తరువాత, సూదులకు మధ్యమధ్య వచ్చిపోయేలా మాట్లాడుకుని కోంటా వెళ్ళి, ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పాను. దాచి ఉంటే బాగుండేదని మా తోటికోడలు ఈనాటికీ అంటుంది. నేనెందుకు దాచాలి?

ఆ సాయంత్రమే నా మంచం ఉప్పు బస్తాల గదిలోకి పోయింది. నాకొక కంచం, ఒక చెంబు విడిగా పెట్టారు. పాపను తోటికోడలు గదిలో పడుకోబెట్టారు.

"అంటుకోదని డాక్టరమ్మ చెప్పింది" అన్నాను. అప్పుడు మాత్రం బావగారి ఎదుటే అన్నాను.

"డాక్టర్లు చెప్తరు. కొనేటోళ్ళు వినొద్దా? దుకాణం మూసుకోవాలె" అన్నారాయన, నా వైపు చూడకుండా మా ఆయనతో.

పాప ఉప్పు గది గుమ్మం దాకా వచ్చి నిలబడేది. రమ్మని చేతులు చాస్తే, "పెద్దమ్మ కొడ్తది" అనేది. నేను ఆ గదిలో గోడ నుంచి గోడకు తిరిగేదాన్ని. కాలు ఈడుస్తూ తిరగొద్దని డాక్టరమ్మ చెప్పినా తిరిగేదాన్ని. కూర్చుంటే పాప గొంతు వినిపించేది.

ఒక సంత రోజు గది తలుపు తీసుకుని నేరుగా దుకాణంలోకి పోయి, తక్కెడ దగ్గర కూర్చున్నాను. గొల్లపల్లి వైపు అడవి ఊళ్ళ నుంచి వచ్చిన దోర్ల ఆడవాళ్ళు చింతపండు గంపలతో నిలబడి ఉన్నారు. బావగారు పళ్ళ బిగువున, "లే, లోపలికి పో" అన్నారు. నేను లేవలేదు. ముందున్న పెద్దామెకు నా కాలు చూపించి, వాళ్ళ మాటలోనే జబ్బు పేరు చెప్పాను. ఆమె కాలు చూసింది, నా ముఖం చూసింది.

"నాకు పొద్దుగూకకముందే ఊరు చేరాలె. ఉప్పు ఇస్తవా, ఇయ్యవా?" అంది.

ఇచ్చాను. ఆమె వెనక ఉన్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు పక్క దుకాణానికి పోయారు, మిగతావాళ్ళు నా దగ్గరే తీసుకున్నారు. బయటివాళ్ళు నా చేతి ఉప్పు పట్టుకుపోయి వండుకున్నారు. నా ఇంట్లోవాళ్ళు మాత్రం నేను తాకిన చెంబు బోర్లించారు.

ఆ నెలలోనే జబ్బు ఒక్కసారిగా పొంగింది, రియాక్షన్ అంటారు దాన్ని. మచ్చ వాచి ఎర్రబడింది, జ్వరం, మోకాలి వెనక నుంచి పాదం దాకా ఒకటే పోటు. జ్వరం తగ్గేసరికి పాదం పైకి లేవడం మానేసింది. అన్నయ్య మళ్ళీ మిషన్ ఆసుపత్రికి తీసుకుపోతే ఫుట్ డ్రాప్ అన్నారు. ఇంజెక్షన్లు ఆపి కాలికి చెక్క కట్టారు. వాపు తగ్గాక మళ్ళీ మొదలుపెడదామంటే నేను ఒప్పుకోలేదు.

"మా ఆయన వచ్చి మీ నోటితో వింటేనే సూది వేయించుకుంటా" అన్నాను.

"కాలు నీది కదమ్మా, మొండితనం ఎవరి మీద?" అని డాక్టరమ్మ కోప్పడింది.

"ఇన్నాళ్ళూ నా కాలి గురించి ఆయన అన్నగారే మాట్లాడారు. ఈసారి మా ఆయనే మాట్లాడాలి."

అన్నయ్య పోయి తీసుకొచ్చాడు. డాక్టరమ్మ నాకు చెప్పినదంతా ఆయనకూ చెప్పింది. ఆయన తలగుడ్డ నలుపుకుంటూ, "ఒకే ఇంట్లో ఉండొచ్చా అమ్మా?" అని అడిగారు.

"ఇన్నేళ్ళూ ఏ ఇంట్లో ఉన్నారు?" అందావిడ.

ఇంటికి వచ్చాక ఆయన కాళ్ళు కూడా కడుక్కోలేదు. ఉప్పు గదిలోంచి మంచం తనే ఎత్తి మా గదిలో వేశారు. వదినగారి గదిలోకి పోయి పాపను తెచ్చి నా పక్కన పడుకోబెట్టారు. బావగారు గుమ్మంలో నిలబడి, "దుకాణం ఎవడు చూస్తడ్రా?" అంటే, "ఆమే చూస్తది" అన్నారు. ఆయన అన్నగారికి ఎదురు చెప్పడం అదే మొదలు.

పాప మాత్రం నా పక్కన పడుకోలేదు. ఏడ్చి ఏడ్చి, దిగి, పెద్దమ్మ దగ్గరికే పోయింది. అది నా చేతి ముద్ద తినడానికి మళ్ళీ ఇప్పపువ్వు రాలే కాలం రావాల్సి వచ్చింది. కాలు పోయినందుకు నేను జబ్బును తిట్టుకుంటాను. ఆ ఏడాదికి మాత్రం జబ్బును తిట్టను, ఎవరిని తిట్టాలో నాకు తెలుసు.

సంస్థానం పోయాక కొన్నాళ్ళకు సల్ఫోన్ మాత్రలు వచ్చాయి, సూదుల బాధ తప్పింది. ఏళ్ళ తరబడి మింగాను. మచ్చ రంగు చాలావరకు తిరిగొచ్చింది, స్పర్శ రాలేదు, పాదం లేవలేదు. తోలు పట్టీ కట్టుకుని నడుస్తాను. ఇక మందు అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పేసింది. బావగారు వేరుపడి వేరే కొట్టు పెట్టుకున్నారు. పాత దుకాణం మా ఆయనా నేనూ నడుపుతున్నాం. అత్తమ్మ మాతోనే ఉంది, నా చేతి వంటే తింటుంది. చెంబు బోర్లించిన మాట నేను ఎత్తితే చెవుడు నటిస్తుంది.

నాలాగా పాదంలో స్పర్శ పోయినవాళ్ళకు చెప్పేది ఒకటే. ముల్లు దిగినా, కాలినా ఆ పాదం మీకు చెప్పదు. రోజూ దీపం పెట్టే వేళకు అరికాలు, వేళ్ళ సందులు చూడాలి. ఒక్కరే చూసుకుంటే అరికాలి మడమ వైపు సరిగా కనిపించదు. మీరంటే భయం లేని మనిషి చేత చూపించుకోండి. మా ఇంట్లో ఆ పని రాజ్యం చేస్తుంది. పెళ్ళీడుకొచ్చిన పిల్ల నేల మీద కూర్చుని నా పాదం ఒళ్ళో పెట్టుకుని, "కదలకమ్మా, ఒక్కచోట కూచోవేంది" అని కసురుతూ, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి చూస్తుంది. దాని చెయ్యి నా పాదానికి తగులుతున్నట్టు నాకు తెలియదు. అందుకని అది చూస్తున్నంతసేపూ నేను దాని చేతుల వైపే చూస్తుంటాను.