మాస్టారు కలిపిన అబద్ధం

మా మాస్టారు మొన్న శుక్రవారం బందరు ఆసుపత్రిలో పోయారు. నా కొట్టుకి సరుకు తెచ్చిన బండాయన, బస్తా దించుతూ చెప్పాడు.

రిటైరయ్యాక రోజూ పొద్దున కోడూరులో నా కిరాణా కొట్టు బల్ల మీద కూర్చుని, పదిమందికీ పేపరు చదివి వినిపించేవారాయన. మధ్యలో ఒక అబద్ధం కల్పించి కలిపేవారు. అంతా అయ్యాక, "ఏది అబద్ధమో పట్టుకోండి" అని, దాన్నెలా అల్లారో విప్పి చెప్పేవారు. "మశూచికి టీకా వేయించుకోలా? ఇదీ అంతే. నా చిన్న అబద్ధం ఒంటికి పడితే, పెద్దదొచ్చినప్పుడు తట్టుకుంటారు" అనేవారు. జనం బాగానే ఆరితేరారు. బెల్లం కొత్తదంటే, "ఎవరు చూశారండీ?" అని నన్నే అడిగేవాళ్ళు.

ఒకరోజు ఆయన కలిపిన అబద్ధం ఇది: కొత్త వంతెనకి బలివ్వడానికి పిల్లల్ని గోనెసంచుల్లో ఎత్తుకుపోతున్నారని. చేపలమ్మే అక్క ఒకామె అది విని, చివరిదాకా ఉండకుండా లేచింది. పోటు తీసి నీళ్ళు తగ్గితే వాళ్ళ పల్లెకి పడవ కదలదు మరి.

మర్నాడు కబురొచ్చింది. ఆ అక్క వాళ్ళ పల్లెలో, గోనెసంచితో వచ్చిన కళాయి పూసే మనిషిని కట్టేసి కొడుతున్నారట. మాస్టారు చెప్పులైనా వేసుకోకుండా పడవెక్కారు. నేనూ వెళ్ళాను.

"అది నేను కల్పించిందయ్యా, వదిలెయ్యండి."

"మీకు తెలవదు మాస్టారూ. మావోళ్ళు కళ్ళారా చూశారు" అన్నాడు పల్లె పెద్ద.

"లేనిదాన్ని ఎట్లా చూశారు?"

"మీరు కల్పించేసరికే జరిగుంటదిలెండి."

ఆయన మొహం చూడలేకపోయాను. ఆయనే గుంపు వైపు తిరిగి, "పిల్లలు కనపడని తల్లులు ముందుకి రండమ్మా" అన్నారు. ఎవరూ రాలేదు.

"పోయింది పక్క పల్లెలోనంట" అన్నారెవరో.

పక్క పల్లె నుంచి చూడొచ్చినామె, "మా పల్లెలోనా? మీ పల్లెలోనే అన్నారుగా" అంది. చేతుల్లో కర్రలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

ఆ తర్వాత మాస్టారు, "ఇప్పుడు చెప్పబోయేది అబద్ధం" అని ముందే చెప్పి మొదలుపెట్టేవారు. పట్టుకునే సరదా తగ్గిందని కొందరు గొణిగారు. ఆయన వినలేదు. ఆ కళాయి మనిషి మళ్ళీ మా వైపు రాలేదు.

నాకు మాస్టారు గుర్తొస్తే ఆ పల్లెలోనే కనపడతారు. ఆ మనిషి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళకి బిగిసిన వలతాడు ముడిని గోళ్ళతో లాగుతున్నారు. రావట్లేదు. చివరికి కట్టినవాడే వచ్చి పక్కన కూర్చుని, తల ఎత్తకుండా విప్పాడు.